చానో గూట్లో పిడక

ఆ కబురు నాకు మొదట చెప్పింది చానో కూతురు అలీసియా. ఆదివారం ఆరాధన అయిపోయాక, టెక్సాస్‌లోని కాపెల్‌లో మా తెలుగు చర్చి వంటగదిలో బిర్యానీ ట్రేలు తోముతుంటే ఫోన్ మోగింది. చేతినిండా సబ్బు నురగ కావడంతో స్పీకర్‌లో పెట్టాను. పెట్టకపోతే బాగుండేది. "రూత్, మీరు ఉన్న రాంచ్ అమ్మేశారు. కొత్తవాళ్ళు ఆ పాత గడ్డి కొట్టం కూలగొడుతున్నారు. వెనక గోడకి మా నాన్న కొట్టిన చెక్క గూడు ఉంటే తెచ్చుకుందామని వెళ్ళాను. లోపల ఏ పునీతుడి బొమ్మ ఉందోనని అద్దం తలుపు తీస్తే ఎండిపోయిన పేడ ముద్ద! దాని మీద ఐదు వేళ్ళ అచ్చు! మా నాన్నకి చివర్లో మతి గానీ తప్పిందా? నీకేమైనా తెలుసా?" అంది. పక్కన గిన్నెలు తుడుస్తున్న పాస్టరమ్మగారు గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నేను నవ్వు ఆపుకోలేక సింకు అంచు పట్టుకున్నాను. ఆ ఐదు వేళ్ళూ మా నాయనమ్మవి. ఆ పేడ ఖడ్గమృగానిది. బిర్యానీ ట్రేల ముందు చెప్పుకునే కథ కాదు గనక అప్పుడు మింగేశాను. ఇప్పుడు చెబుతాను.

మా నాన్న దానియేలు పశువుల డాక్టరు. బాపట్ల చుట్టుపక్కల గేదెలకి సూదులు పొడిచిన చేత్తో, టెక్సాస్ దక్షిణాన వేల ఎకరాల మేతభూములున్న ఒక రాంచ్‌లో ఉద్యోగానికి చేరారు. అమ్మ నాకు ఆరేళ్ళప్పుడే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. నన్ను చూసుకోవడానికి ఆరు నెలలకని వచ్చిన నాయనమ్మ రాహేలమ్మ, ఆ ఆరు నెలలనే మళ్ళీ మళ్ళీ పొడిగించుకుంటూ ఉండిపోయింది. స్కూలు బస్సు గంటన్నర ప్రయాణం, నాకేమో ఆయాసం. అందుకని నా చదువంతా ఇంట్లోనే సాగింది. నేను బడిగంట ఎరగను. మా ఇంట్లో బడిగంట నాయనమ్మ దగ్గు. పొద్దున్నే ఆమె దగ్గగానే నేను లేచి నిలబడి బైబిలులో ఒక అధ్యాయం పైకి చదవాలి. తర్వాత చిక్కుడు గింజలతో లెక్కలు. సాయంత్రం నాన్న వచ్చి సైన్సు చెప్పేవారు. ఇంటి నిండా పోపు వాసన, నాన్న చొక్కా నిండా పశువుల మందు వాసన ఉండేవి. కిటికీ తీస్తే ముళ్ళచెట్ల పూల వాసన వచ్చేది. ఆ చెట్లను చూసిన మొదటిరోజే నాయనమ్మ, "ఓరి దేవుడో, ఇంత దూరం విమానమెక్కి వస్తే ఇక్కడా సర్కారు తుమ్మేనా!" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. మా ఇంటికి దగ్గరగా ఉన్న ఒకే ఒక్క మనిషి చానో. రాంచ్‌లో చిన్నప్పటి నుంచీ పనిచేస్తున్న మెక్సికన్ మనిషి. అతనికి తెలుగు రాదు, నాయనమ్మకి తెలుగు తప్ప ఏదీ రాదు. ఇద్దరూ రోజూ గంటసేపు మాట్లాడుకునేవారు. మధ్యలో మిరపకాయ పచ్చడి సీసా ఉండేది.

నాకు పదహారేళ్ళప్పుడు రాంచ్ యజమాని ఆఫ్రికా నుంచి రెండు నల్ల ఖడ్గమృగాలను తెప్పించాడు. అక్కడ కొమ్ముల కోసం వాటిని వరసపెట్టి చంపేస్తున్నారు, ఇక్కడైనా జాతి నిలుస్తుందేమోనని ఆశ. బోనుల్లో పెట్టలేదు. వేల ఎకరాల ముళ్ళడవిలో వదిలేసి, వాటి బతుకు వాటిని బతకనిచ్చారు. అవతలి కంచె ఎక్కడో ఆకాశం అంచున ఉండేది. కాగితాల మీద వాటికి నంబర్లే. నాయనమ్మ ఒప్పుకోలేదు. మగదానికి నెబుకద్నెజరు అని పెట్టింది. "ఆ రాజు గర్వపడి పశువులా గడ్డి మేశాడు. వీడి మొహం చూడు, ఇంకా గర్వం దిగలా" అంది. "ఇది గడ్డి తినదు నాయనమ్మా, ముళ్ళకొమ్మలు తింటుంది" అంటే, "రాజు కదే, కూర కూడా ఉంటుంది" అంది. ఆడదానికి శారమ్మ. ముసలితనంలో శారాకి బిడ్డనిచ్చిన దేవుడు దీనికి మాత్రం ఇవ్వడా అని ఆమె నమ్మకం.

వాటిని కనిపెట్టి చూడడం నాన్న పని. నెలకోసారైనా రెండింటికీ ఫోటోలు తీసి, వాటిని అప్పగించిన సంస్థకి పంపాలి. ఒక్కోదాని చెవికి ఒక్కో తీరున గాట్లు వేసి ఉంటాయి. ఆ గాట్లు ఫోటోలో కనిపించాలి, అదే గుర్తింపు. నాన్న సెకండ్‌హ్యాండ్ కెమెరా నా మెడలో వేసి, జింకల వేటకి కట్టిన మంచె ఎక్కించి, కదలకుండా కూర్చోవడం నేర్పారు. మంచె ముందు ఒక పేడకుప్ప ఉండేది. ఖడ్గమృగానికి చూపు మందం, లోకమంతా ముక్కుతోనే తెలుస్తుంది. రెండూ వచ్చి అదే కుప్ప మీద పేడ వేసి, వెనక కాళ్ళతో చిమ్మి, ఎవరొచ్చారో ఎవరు పోయారో వాసన చూసి తెలుసుకునేవి. "అది వాళ్ళ పోస్టాఫీసు. ఎవరూ ముట్టుకోకూడదు" అని నాన్న పాఠం చెప్పారు. నాకు చెప్పారు గానీ నాయనమ్మకి చెప్పలేదు. పేడకుప్ప ముట్టుకోవద్దని కన్నతల్లికి చెప్పాల్సి వస్తుందని ఏ శాస్త్రజ్ఞుడు మాత్రం ఊహిస్తాడు? ఫిల్మును నాన్న ఇంట్లోనే కడిగేవారు. బాత్రూమే డార్క్‌రూమ్. ఎర్రబల్బు వెలిగిందంటే నాయనమ్మ, "మళ్ళీ ఆ పులిసిన కంపు మొదలైంది, ఒక గంట దాకా ఎవరూ నీళ్ళు తాగబాకండి" అని వాకిట్లోకి వెళ్ళిపోయేది. తొట్టిలో తెల్లకాగితం మీద శారమ్మ కొమ్ము మెల్లగా తేలి రావడం చూస్తే నా ఆయాసం కూడా కాసేపు మరిచిపోయేదాన్ని. నాకు చేతనైన పనంటూ ఒకటుందని తెలిసింది ఆ తొట్టి ముందే. అందుకు ఇప్పటికీ దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాను.

ఇక పెరుగు సంగతి. చానో తెచ్చే పాలలో ఏ లోపమూ లేదు. నాయనమ్మకి మాత్రం అవి తెల్లగా కనిపించే నీళ్ళు. "దాలిలో కాగని పాలకి మీగడెక్కడిది?" అని రోజూ ఒక నిట్టూర్పు. మా ఊళ్ళో పెరట్లో గుంట తవ్వి, పిడకలు రాజేసి, కుండలో పాలు పొద్దుట పెడితే సాయంత్రానికి ఎర్రగా కాగేవి. అదే దాలి. నాయనమ్మ దాని గురించి మాట్లాడితే పాటలా ఉండేది. అలాంటిది ఆ ఎండాకాలం ఒకరోజు కంచంలో పడ్డ పెరుగు కదల్లేదు. లేత ఎరుపు రంగు, పైన వేలెడు మీగడ. నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. "అమ్మా, ఇదెట్టా చేశావే?" అంటే, "తినరా, తిండి దగ్గర ప్రశ్నలేంటి" అంది. ఆయన తిన్నారు. రెండు నెలలు తిన్నారు. తిన్న చెయ్యి కడుక్కుని, నోటుబుక్కు తెరిచి, పేడకుప్ప తరిగిపోతోందనీ, జంతువులు అక్కడికి రావడం మానేశాయనీ, జబ్బేమైనా తగిలిందేమోననీ రాసుకున్నారు.

నెబుకద్నెజరు అడపాదడపా నీళ్ళ దగ్గర కనిపించేవాడు. శారమ్మ మాత్రం ఆరు వారాలుగా జాడలేదు. నాన్న జీపులో తిరిగి తిరిగి నల్లబడిపోయారు. అప్పుడే ఉత్తరం వచ్చింది. శనివారం సంస్థ తరఫున ఒకాయన తనిఖీకి వస్తున్నాడు. "ఫోటో లేకపోతే జంతువు లేనట్టే లెక్క" అన్నారు నాన్న భోజనాల దగ్గర. "నెబుని కూడా వెనక్కి తీసుకెళ్తారు. ప్రాజెక్ట్ క్లోజ్ చేస్తే నా జాబ్ పోతుంది. జాబ్ పోతే వీసా పోతుంది."

"పోతే పోదాంరా. మనకి ఊరు లేదా, ఉప్పు లేదా?" అంది నాయనమ్మ.

నాకు మంచె, కెమెరా, ఎర్రబల్బు అన్నీ ఒక్కసారిగా చేజారిపోతున్నట్టనిపించింది. కుటుంబ ప్రార్థనలో నాన్న, "ప్రభువా, ఆ మూగజీవి ఎక్కడున్నా మా కళ్ళబడనివ్వు" అన్నారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నాయనమ్మే. నిష్కల్మషంగా అంది పాపం.

ఇన్నాళ్ళూ జంతువు కోసం చెట్ల వైపే చూశాను గానీ నేలను పట్టి చూడలేదు. బుధవారం పొద్దున మంచె మీద కూర్చుని తోచక కిందికి చూశాను. పేడకుప్ప ఉండాల్సిన చోట నున్నగా ఊడ్చిన వాకిలి ఉంది. పార గీతలున్నాయి. పక్కనే ఒంటిచక్రం బండి జాడ. దిగి ఆ జాడ వెంట నడిచాను. అది కంచె వెంబడే తిన్నగా మా ఇంటి వెనక గడ్డి కొట్టానికి వెళ్ళింది. కొట్టం వెనక గోడ ఖడ్గమృగాల అడవి వైపు ఉంటుంది, కంచె ఇనపగొట్టాలు ఆ గోడకే వచ్చి ఆనతాయి. అటువైపు ఎవరికీ పనిలేదు. ఎండ మాత్రం బాగా పడుతుంది. మూల తిరిగేసరికి గోడ నిండా పిడకలు, కొలిచి వేసినట్టు వరసలు, పక్కన గుంటలో సన్నగా రాజుతున్న దాలి. నాయనమ్మ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, మోచేతుల దాకా పేడతో నిలబడి ఉంది. చానో గడ్డి కలిపి ముద్దలు అందిస్తున్నాడు.

"నాయనమ్మా! ఏంటిది?"

"కళ్ళు కనబడట్లా? పిడకలు."

"ఇది శారమ్మ పేడ!"

"శారమ్మదే. నీదని ఎవరన్నారు?" అని ఇంకోటి చరిచింది. "ఇక్కడి ఆవులు షికారుకెళ్తూ పదెకరాల్లో చల్లుతాయి, ఏరలేక నా నడుం పడిపోయింది. ఇదైతే బుద్ధిమంతురాల్లా ఒకే చోట వేస్తుంది. కాకపోతే పేడ కాదే ఇది, అంతా పుల్లలే. గడ్డీ బంకమన్నూ పోస్తే గానీ అతకట్లా."

చానోని అడిగాను. డాక్టరుగారి తల్లి సైగచేసి అడిగింది కాబట్టి డాక్టరుగారే తెప్పించుకుంటున్నారనుకున్నాడట, ఏదో పరీక్షకి. నేను నాయనమ్మకి పోస్టాఫీసు పాఠం మొత్తం చెప్పాను. ఆమె చెయ్యి గోడ మీదే ఆగిపోయింది.

"అంటే నేను దాని ఉత్తరాలు తగలబెట్టానా?"

"రెండు నెలలుగా."

"మీ నాన్నకి తెలుసా?"

"పెరుగు బాగుందన్నారుగా."

నవ్వకూడదని చాలా ప్రయత్నం చేశాను. నాయనమ్మ నా నెత్తిన మొట్టబోయి, చేతులు చూసుకుని మానేసింది. ఈలోగా చానో మమ్మల్ని పిలిచి నేల చూపించాడు. గోడ కింద మెత్తటి మట్టిలో, అన్నం కంచమంత అడుగు పడి ఉంది. మూడు వేళ్ళు, అంచులు ఇంకా విరగలేదు. ఆ పొద్దుటిదే. "అదేంటే, రోజూ పొద్దున రెండు పిడకలు ఊడి పడుంటే గాలికనుకున్నా!" అంది నాయనమ్మ. పోస్టాఫీసు మా గోడకి మారిందన్నమాట. ఆరు వారాలుగా నాన్న అడవంతా వెతుకుతున్న శారమ్మ, తన ఉత్తరాలు వెతుక్కుంటూ ఆయన పడగ్గదికి వందడుగుల దూరంలో తిరుగుతోంది.

నాన్నకి చెప్పాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న. తొమ్మిదో ఆజ్ఞ అబద్ధం చెప్పొద్దంటుంది. "అడిగితే చెబుదాం" అంది నాయనమ్మ. "అడక్కముందే చెప్పమని ఆజ్ఞలో లేదు." గురువారం వేకువనే మేమిద్దరం కొట్టంలో దూరాం. వెనక గోడకి అడ్డంగా పొడుచుకొచ్చిన పక్కగోడలో గాలి కోసం వదిలిన చిన్న కంత ఉంది, కెమెరా మొహం సరిగ్గా పడుతుంది, పిడకల వరస వారగా కనిపిస్తుంది. ఆరోజు ఏదీ రాలేదు. శుక్రవారం మళ్ళీ దూరాం. నాయనమ్మ గడ్డిమోపు మీద కూర్చుని నోట్లోనే కీర్తన గొణుక్కుంటోంది. తూర్పు తెల్లబడుతుండగా బయట ఎండుకొమ్మ చిటుక్కుమంది. తర్వాత ఊపిరి వినిపించింది, కొలిమి తిత్తిలా. కంతలోంచి నలిగిన ఆకు వాసన వచ్చి మొహానికి తగిలింది, ఆ ఊపిరికి నా లెన్సు మొత్తం మంచుపట్టిపోయింది! నేను కంగారుపడేలోపే నాయనమ్మ తన పైటచెంగుతో గట్టిగా తుడిచేసింది. చూస్తే శారమ్మ బారెడు దూరంలో ఉంది. పైపెదవిని వేలులా వంచి, ఒక్కొక్క పిడకనూ తడుముతూ చదువుకుంటోంది. టక్‌మని నొక్కాను. ఆ చప్పుడుకి చెవి మా వైపు తిప్పింది. గాట్లు! మళ్ళీ నొక్కాను. "ఎంత చక్కగా ఉన్నావే తల్లీ" అని నా చెవి దగ్గర నాయనమ్మ అంటోంది. పదకొండు సార్లు నొక్కాను. అప్పుడు శారమ్మ తీరిగ్గా వెనక్కి తిరిగి, గోడ మొదట్లో తన పని కానిచ్చి, వెనక కాళ్ళతో ఎడాపెడా చిమ్మింది. సగం కంతలోంచి వచ్చి మా ఇద్దరి మీదా పడింది. నాయనమ్మ మొహం తుడుచుకుంటూ, "సరేలే, జవాబు రాసిచ్చింది" అంది.

"శారమ్మ దొరికింది, కొట్టం వెనక" అని ఫిల్ము నాన్న చేతిలో పెట్టాను. అది నిజమే. ఆయన ఇంకేమీ అడగలేదు. ఎర్రబల్బు కింద చెవి గాట్లు తేలుతుంటే ఆయన కళ్ళు నిండిపోయాయి. ఆ కళ్ళకి వెనక గోడ కనిపించలేదు.

శనివారం వచ్చిన పెద్దమనిషి పొడుగ్గా, మీసాలతో, నవ్వు ఎరగనట్టుండే మనిషి. వాకిట్లో ఎండలో నిలబడి ఫోటోలు ఒక్కొక్కటే చూశాడు. చెవులు సరిపోయాయి, ఒళ్ళు బాగుంది. తల ఊపాడు. ఆ తర్వాత వేలు పెట్టి అడిగాడు, "ఈ గోడ మీద గుండ్రంగా ఉన్నవేంటి?" నాన్న ఫోటో అందుకుని చూశారు. బాపట్లలో పుట్టినవాడు పిడకని గుర్తుపట్టకుండా ఉంటాడా? మెల్లగా తలెత్తి నన్ను చూశారు, నాయనమ్మను చూశారు. రెండు నెలల పెరుగు ఆయన మొహంలో ఒక్కసారిగా తిరిగింది.

అందరం గోడ దగ్గరికి వెళ్ళాం. పెద్దమనిషి వంగి పిడకలో పుల్లలు చూశాడు. మొహం గట్టిపడింది. "కుప్పను కదిపారు. మీ రిపోర్టులో రాసిన వింత ఇదేనా డాక్టర్? ఇది మీ కళ్ళ ముందే జరిగిందా? ఎవరు చేశారు?" నాన్న నోరు తెరవబోయారు. అంతలో చానో టోపీ తీసి ముందుకొచ్చాడు. "నేనే సార్. జంతువును రప్పించడానికి మా తాతలనాటి ఉపాయం. డాక్టర్‌కి తెలీదు. పంపించేయాలంటే నన్ను పంపించేయండి" అని తలవంచి నిలబడ్డాడు. అతనికి ఇంటినిండా పిల్లలు. అలీసియా అప్పటికి పాలు తాగే బిడ్డ.

"ఏమంటున్నాడే? టోపీ ఎందుకు తీశాడు?" అంది నాయనమ్మ నా భుజం పొడిచి.

"ఇవన్నీ తనే చేశానంటున్నాడు. నాన్న ఉద్యోగం పోకుండా."

నాయనమ్మ గోడ దగ్గరికి నడిచి, ఒక పిడక మీది వేళ్ళ గుంటల్లో తన చెయ్యి పెట్టింది. గాజు తొడిగినట్టు సరిపోయింది. తర్వాత చానో చెయ్యి పట్టుకుని లాగి పక్క పిడక మీద పెట్టింది. ఆ చెయ్యి కింద పిడక మొత్తం మూతపెట్టినట్టు మాయమైపోయింది. అప్పుడు పెద్దమనిషి వైపు తిరిగి చక్కటి తెలుగులో చెప్పింది: "చూడు నాయనా, వీడు మోశాడు, అంతే. చేసింది నేను. నా తప్పు ఇంకొకడు మోస్తే రేపు నేను ప్రార్థనలో మోకాళ్ళెట్టా వెయ్యను? చెప్పవే ఆయనకి, ఒక్క ముక్క కూడా మింగబాక."

మింగలేదు, అంతా చెప్పాను. పెద్దమనిషి ఆ రెండు చేతులనూ మార్చి మార్చి చూశాడు. "ఎందుకోసం చేసింది?" అని అడిగాడు. పెరుగు కోసం అన్నాను. ఆయన మీసం ఒక వైపు కదిలింది. నాయనమ్మకి భాష రాదు గానీ ఆకలి మొహం తెలుసు. లోపలికి వెళ్ళి గిన్నెనిండా పెరుగు, పంచదార తెచ్చింది. ఆయన బాల్చీ బోర్లించుకుని కూర్చుని, గిన్నె గీకి మరీ తిన్నాడు. తర్వాత కాగితం మీద రాశాడు: జంతువు క్షేమం, డాక్టర్ కొనసాగవచ్చు, ఇకపై పిడికెడు పేడ కూడా ఎవరూ కదపరాదు. నాన్న ఆరోజు నాయనమ్మతో ఒక్కమాట మాట్లాడలేదు. రాత్రి భోజనంలో మాత్రం, "ఉన్న పిడకలు ఎన్నాళ్ళొస్తాయే?" అని అడిగారు.

మరి రెండేళ్ళకి శారమ్మ ఈనింది. నాయనమ్మ ఆ దూడకి ఇస్సాకు అని పెట్టి, దేవుడికి స్తోత్రం చెప్పి, అందులో తన వాటా కూడా ఉందని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ గుర్తుచేసేది. బిలాము గాడిదను వాడుకున్న దేవుడు పేడను వాడుకోడా అనేది. పెరుగు మళ్ళీ నీళ్ళయింది. నాన్న నిట్టూరిస్తే, "ఉత్తరాలు తగలబెట్టమంటావా?" అనేది. ఇప్పుడు మా అల్లుడు ఫోన్‌లో చూపిస్తాడు, ఎక్కడో అడవుల్లో చెట్లకి కట్టిన కెమెరాలు వాటంతటవే ఫోటోలు తీస్తాయట. మంచి ఫోటోలే. కానీ వాటి అద్దం మీద ఊపిరి పడితే తుడవడానికి పైటచెంగు లేదు. మా వీధి చివరి ఇండియన్ షాపులో పిడకలు కూడా దొరుకుతున్నాయి, ప్లాస్టిక్ కవరులో, తినడానికి కాదని పైన అచ్చేసి మరీ. నాయనమ్మ చూసి ఉంటే ఒక్కొక్కటీ తిప్పి చూసి, "వేళ్ళేవీ?" అని ఉండేది.

గోడ శుభ్రం చేసిన రోజు చానో ఒక పిడక అడిగి పట్టుకెళ్ళడం నాకు గుర్తే. పొయ్యిలోకనుకున్నాను. మళ్ళీ అదే గోడకి గూడు కొట్టి, పునీతుడి చోట దాన్ని పెట్టాడని అలీసియా చెబితే గానీ తెలియలేదు. నాయనమ్మకి తెలిస్తే విగ్రహారాధన అని చానోకి మూడు రోజులు పచ్చడి ఆపేసేది. ఆ రాత్రే అలీసియాకి ఫోన్ చేసి కథంతా చెప్పాను. అటువైపు ముక్కు చీదిన చప్పుడు, వెంటనే నవ్వు. పదిరోజులకి పార్సిల్ వచ్చింది. మా మనవరాలు పెట్టె విప్పి, "అమ్మమ్మా, ఇది పూప్ ఆ? రియల్లీ?" అని ముక్కు మూసుకుంది. అవునమ్మా, రియల్లీ. ఆ వేళ్ళ గుంటల్లో నా చెయ్యి పెట్టి చూశాను. సరిపోలేదు. నా వేళ్ళు పొడుగు, అవి నాన్న పోలిక.

నాయనమ్మను తలుచుకోమని మిమ్మల్ని అడగను. ఆమెను నేను తలుచుకుంటాను, దేవుడూ మరిచిపోడు. చానో మాత్రం మా చర్చి వాడు కాదు, మన భాష వాడు కాదు, మనవాళ్ళెవరి జ్ఞాపకాల్లోనూ అతనికి చోటుండదు. అందుకని ఒక చిన్న మనవి. ఎప్పుడైనా మీ గిన్నెలో పెరుగు గట్టిగా తోడుకుని, మీగడ వేలితో ఎత్తేంత మందంగా కడితే, మొదటి ముద్దకి ముందు ఒక్క క్షణం ఆగండి. రెండు నెలలు బండి తోసి, చివరికి తనది కాని చేతిముద్ర తనదేనని టోపీ తీసి నిలబడ్డ మనిషిని తలుచుకోండి. పేరు చానో.